రోడ్డు కొలిచాకే ఆఫీసు మెట్లెక్కు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు తల్లీ. కాలనీ సంఘానికి సెక్రటరీవై నెల తిరగకముందే ఇంత పెద్ద పని నీ నెత్తిన పడింది. గేటు పక్కనున్న రెండెకరాల ఖాళీ జాగాని రెసిడెన్షియల్ నుంచి కమర్షియల్‌కి మారుస్తామని పేపర్లో నోటీసు రావడం, మాల్ వస్తుందని ఒకరు, ఆసుపత్రి వస్తుందని ఇంకొకరు వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాకా వాదించుకోవడం, అందరూ నిన్నే అడగడం. నీ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది కాగితం మీద పెడుతున్నాను, నీ కమిటీ వాళ్లకి కూడా చదివి వినిపించు.

నేను ముప్పై ఏళ్లు మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ప్లాన్లు గీసినవాణ్ని. రిటైరయ్యాక పన్నెండేళ్లుగా మా కాలనీ తరఫున అదే టేబుల్‌కి ఇవతల కూర్చుంటున్నాను. అటు నుంచీ ఇటు నుంచీ చూసి తెలుసుకున్నదే రాస్తున్నాను.

ముందుగా ఆ నోటీసు కత్తిరించి ఫైల్లో పెట్టు. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, ఇప్పుడు ఏ జోన్, ఏ జోన్‌కి మారుస్తున్నారు, అభ్యంతరాలు ఎవరికి పంపాలి, ఎన్ని రోజుల్లో అనేవి ఉంటాయి. ఇలాంటి నోటీసుల్లో మామూలుగా పదిహేను రోజులే ఇస్తారు. ఆ రోజులు నోటీసు వచ్చినప్పటి నుంచి లెక్క, నువ్వు చూసినప్పటి నుంచి కాదు. గడువులోపు చేరిన కాగితాన్ని వాళ్లు చూడాలి, ఏం చేశారో ఫైల్లో రాయాలి. గడువు దాటాక చేరినదాన్ని తెరవాల్సిన పని ఎవరికీ ఉండదు.

ఇది నాకు బాగా నొప్పి తగిలి తెలిసింది. మా కాలనీలో మొదటిసారి ఇలాంటిదే వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగి నాలుగు వందల సంతకాలు సేకరించాం. బ్యానర్ కట్టాం, ఒక పూట ధర్నా కూడా చేశాం. ఆ సంతకాల కట్ట పట్టుకుని వెళ్లేసరికి గడువు దాటి మూడు రోజులైంది. ఆ ఆఫీసరు మర్యాదగానే తీసుకున్నారు, కుర్చీ వేసి టీ ఇప్పించారు. తర్వాత కొద్ది రోజులకే జీవో వచ్చేసింది. ఇప్పుడక్కడ షాపింగ్ కాంప్లెక్స్ ఉంది, దాని బండ్లు మా గేటు ముందు నిలుస్తాయి. అన్నేళ్లు ఆ సెక్షన్‌లో పనిచేసిన నేను తేదీ చూసుకోకపోవడం నాకు ఇప్పటికీ బాధే. నీకు ఆ బాధ రాకూడదు. సంతకాలు తర్వాత కలుస్తాయి. ముందు రెండు పేజీల అభ్యంతరం పంపు, కాగితం అందినట్టు ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకో, రిజిస్టర్డ్ పోస్టులో కూడా ఒకటి వెయ్యి.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. జనం చాలామంది ఇక్కడే తప్పిపోతారు. జోన్ మార్చడం ఒక పని, భవనానికి పర్మిషన్ ఇవ్వడం ఇంకో పని, రోడ్డు మీద ట్రాఫిక్ నడపడం మూడో పని. మీ ప్రాంతంలో జోన్లన్నీ 2013లో వచ్చిన మాస్టర్ ప్లాన్‌లో ఉన్నాయి, అది 2031 దాకా చూసి వేసింది. దాన్ని మార్చాలంటే హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, పరిశీలించాలి, ప్రభుత్వం జీవో ఇవ్వాలి. కార్పొరేటర్ గారి దగ్గర ఎంత మొరపెట్టుకున్నా ఆ సంతకం ఆయనది కాదు. ఆయన్ని కలవద్దని కాదు, తప్పక కలువు. కానీ అక్కడితో పని అయిపోయిందనుకోకు. జోన్ మారాక ఇక మాట్లాడేదంతా ఎన్ని అంతస్తులు, ఎంత సెట్‌బ్యాక్, అంటే చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, అన్న దగ్గరే ఆగుతుంది. 2020లో భవన అనుమతుల కోసం వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం పెద్ద భవనాల ఫైలు కూడా ఇరవై ఒక్క రోజుల్లో తేల్చాలి. అంటే భవనం దశ దాకా ఆగితే నీకు ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది రోడ్డు వెడల్పు. హైదరాబాద్‌లో 2006లోనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు. అంటే ఇంత స్థలంలో ఇంతకు మించి కట్టకూడదని లెక్క లేదు. ఎత్తు ఎంత వెళ్లొచ్చనేది స్థలం ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ తేలుస్తాయి. భవన నిర్మాణ నిబంధనలతో 2012లో వచ్చిన 168 జీవో చదువు, పట్టికలన్నీ అందులో ఉన్నాయి. అందుకే మీ గేటు ముందు రోడ్డు నలభై అడుగులా, ముప్పై రెండా అన్నది చిన్న విషయం కాదు. దరఖాస్తులో నలభై అని ఉంటుంది. నేల మీద ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, గుడి ప్రహరీ, ఎవరో ముందుకి జరిపిన మెట్లు పోను ఎంత మిగులుతుందో టేపుతో కొలువు. ఒకచోట కాదు, మెయిన్ రోడ్డు నుంచి ఆ స్థలం దాకా ప్రతి యాభై అడుగులకీ ఒకసారి. ఎక్కడ బాగా సన్నబడిందో అక్కడ టేపు పట్టుకుని ఫోటో తియ్యి. మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు ఎంత చూపించారో కూడా చూడు. కాగితం మీద అరవై అని ఉండి నేల మీద ముప్పై రెండు ఉంటే, ఆ అరవై ఎప్పుడొస్తుంది, ఎవరి గోడలు పోతాయి అని రాతపూర్వకంగా అడగాల్సింది మీరే.

ట్రాఫిక్ గురించి ఒక మాట. 'ఇప్పటికే ట్రాఫిక్ భరించలేకపోతున్నాం' అని రాయకు. ప్రతి కాలనీ నుంచీ వచ్చే కాగితంలో ఆ వాక్యం ఉంటుంది, చదివేవాళ్ల కన్ను దాని మీద నిలవదు. మనుషుల్ని పెట్టి లెక్క పెట్టించు. సోమవారం, బుధవారం, శనివారం చాలు. ఉదయం ఎనిమిది నుంచి పదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది. పావుగంటకో గీత గీసుకుని టూవీలర్లు, ఆటోలు, కార్లు, స్కూలు బస్సులు, వాటర్ ట్యాంకర్లు వేరువేరుగా రాయాలి. ఇంజనీర్లు బస్సునీ బైకునీ ఒకటిగా లెక్కెయ్యరు, అందుకే విడివిడిగా కావాలి. రోడ్డు దాటడానికి ఒక ముసలాయన ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో, అంబులెన్స్ వచ్చిన రోజు ఎంతసేపు ఇరుక్కుందో కూడా టైముతో రాసుకోండి. మా రెండో పోరాటంలో డిగ్రీ చదివే పిల్లలు ఆరుగురు మూడు రోజులు నిలబడి ఈ లెక్క తీశారు. ఆ కాగితం ముందు పెట్టగానే ఆ టౌన్ ప్లానింగ్ ఆఫీసరు పెన్ను పక్కన పెట్టి, 'ఇది మా దగ్గర లేదండీ' అన్నారు. అది నిజం. వాళ్ల దగ్గర నిజంగానే ఉండదు. ఒక్కో ఆఫీసరు నెత్తిన ఎన్ని ఫైళ్లుంటాయో నేను చూశాను. లెక్క తెచ్చినవాణ్ని వాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

స్థలం వెనక నాలా ఉందన్నావు కదా, అది వదలకు. అదే 168 జీవోలో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు నుంచి, 30 మీటర్లు, చిన్న చెరువులకీ కుంటలకీ 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ జాగా, వదలాలని ఉంది. నాలా పది మీటర్ల కంటే వెడల్పుంటే 9 మీటర్లు, సన్నదైతే 2 మీటర్లు. 2020 అక్టోబరు వరదలప్పుడు నీళ్లు ఎటు నుంచి వచ్చాయో మీ కాలనీలో పాతవాళ్లని అడుగు. గోడల మీద ఆ మరకల ఎత్తు కొలిచి రాయించు. పాత విలేజ్ మ్యాపులో ఆ నాలా ఎటు పోతుందో, ఇప్పుడెటు మళ్లిందో పక్కపక్కన పెడితే చూసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

కావలసిన కాగితాలు ఆఫీసులో ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టు. వాళ్లకి ముప్పై రోజుల గడువుంది, మీ పదిహేను రోజులు ఈలోపు దాటిపోతాయి. కాబట్టి జవాబు కోసం అభ్యంతరం ఆపకు. దరఖాస్తులో కాపీలతో పాటు ఫైలు చూసుకునే అవకాశం కూడా అడుగు, చట్టంలో ఆ హక్కుంది.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. మీరసలు ఏం కోరుకుంటున్నారో ముందు మీలో మీరు తేల్చుకోండి. ఏదీ రాకూడదు అనేది కోరిక కాదు తల్లీ. మన కాలనీ కూడా ఒకప్పుడు ఎవరి పొలమో. మీ అత్తయ్యకి గుండెనొప్పి వచ్చిన రాత్రి దగ్గర్లో ఆసుపత్రి లేక నలభై నిమిషాలు కారులో పోయాం, ఆ నలభై నిమిషాలు నేను మరిచిపోలేను. తర్వాత మా పక్క వీధిలో ఆసుపత్రి ప్రతిపాదన వస్తే కాలనీ అంతా కస్సుమంది. అత్తయ్య ఒక్కతే మీటింగులో లేచి, 'అది రానివ్వండి, గేటు మాత్రం మెయిన్ రోడ్డు వైపు పెట్టించండి' అంది. చివరికి అందరం అదే రాశాం, అదే జరిగింది. మా వీధిలోకి ఒక్క అంబులెన్స్ రాదు, ఆసుపత్రి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది.

కాబట్టి అభ్యంతరంలో రెండు భాగాలు పెట్టు. జోన్ ఎందుకు మార్చకూడదో మొదటిది. ఒకవేళ మారిస్తే ఏ షరతులుండాలో రెండోది. రాకపోకలన్నీ మెయిన్ రోడ్డు వైపే, మీ లోపలి వీధిలోకి గేటు ఉండకూడదు. బండ్లు ఆపి సరుకు దింపుకునే జాగా స్థలం లోపలే, రోడ్డు మీద కాదు. సరుకు లారీలు రాత్రి పూటే. నాలా పక్క బఫర్‌లో చెట్లు. ఇలాంటివి. రెండో భాగం రాస్తే మొదటిది బలహీనపడుతుందని మీ కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నా అనుభవంలో అలా జరగలేదు. రెండో భాగం రాయని చోట ఫైలు యథాతథంగా పాసవడం మాత్రం చాలాసార్లు చూశాను.

మీటింగులో ఇంకొకటి కూడా బయటికి వస్తుంది. మెయిన్ రోడ్డు మీద ఇళ్లున్నవాళ్లు లోలోపల కమర్షియల్ కావాలనుకుంటారు, ధర పెరుగుతుంది కాబట్టి. వాళ్లని ద్రోహులన్నట్టు చూడొద్దు, వాళ్ల మాట కూడా మినిట్స్‌లో రాయించు. అద్దెకున్నవాళ్లని పిలవండి, రోజూ ఆ రోడ్డు మీద బైకు మీద పోయేది వాళ్లే. గేటు దగ్గర టిఫిన్ బండి అతన్నీ, ఆటో స్టాండు వాళ్లనీ అడగండి. ఆ రోడ్డు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎలా ఉంటుందో మనందరికంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. ఇంకో సంగతి, వెళ్లే ముందు మన ఇళ్లు మనం సర్దుకోవాలి. రోడ్డు మీదకి జరిగిన ర్యాంపులు, సెల్లార్లో పార్కింగ్ తీసేసి పెట్టిన షాపులు, పర్మిషన్ లేని పెంట్‌హౌస్‌లు, ఇంట్లో నడిచే హాస్టళ్లు. ఎదుటి పక్షం మొదట చూపించే ఫోటోలు అవే. మీ రోడ్డు ముప్పై రెండడుగులకి తగ్గడంలో మన మెట్ల వాటా ఎంతో నిజాయితీగా చూడు. రెండు ర్యాంపులు మీ అంతట మీరే వెనక్కి తీసుకుని వెళితే ఆ గదిలో మీ మాట విలువ వేరుగా ఉంటుంది.

ప్లాన్ కాగితం మీద ఉండగా మాట్లాడితే మారుతుందా అని మీ నాన్న అడిగాడు. కామారెడ్డి చూడమని చెప్పు. అక్కడ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని అడ్లూర్ ఎల్లారెడ్డి వంటి ఊళ్ల రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదాని రద్దు చేస్తూ తీర్మానం చేసింది. కానీ అప్పటికే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. గీత గీసేటప్పుడే ఆ ఊళ్లలో కూర్చుని మాట్లాడి ఉంటే ఆ ఇంటికి ఆ కష్టం వచ్చేది కాదని నా నమ్మకం. నేను గీసిన గీతల కింద కూడా ఎవరి పొలాలో ఉండేవి. వయసులో ఉన్నప్పుడు అంత ఆలోచించలేదు.

ఆఫీసుకి ముగ్గురే వెళ్లండి. ఇరవై మంది వెళితే ఆఫీసరు గుంపుని సముదాయిస్తాడు తప్ప మ్యాపు తెరవడు. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, ఒకరి దగ్గర ఫోటోలు, లెక్కలు ఉండాలి. 'మీరు బిల్డర్‌కి అమ్ముడుపోయారు' అన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఆ మాట పడ్డాక మంచి ఆఫీసరు కూడా నోరు మూసుకుంటాడు, అలా మూసుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ఇంటికొచ్చిన సాయంత్రమే, ఏం మాట్లాడుకున్నారో ఒక పేజీ లెటర్ రాసి అదే ఆఫీసుకి పంపండి. ఆఫీసర్లు బదిలీ అవుతారు, లెటర్ ఫైల్లో ఉంటుంది.

పర్మిషన్ వచ్చేసినా పని ఆగదు. కట్టే ముందు బిల్ట్ అప్ ఏరియాలో పది శాతం కార్పొరేషన్‌కి తనఖా పెట్టాలి, కట్టాక వాడుకోవచ్చని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే దాన్ని విడిపిస్తారు. కాబట్టి గేటు మీ వీధి వైపు తెరిచినా, పార్కింగ్ మింగేసినా ఆ సర్టిఫికెట్ ఇవ్వకముందే రాయాలి. నెలకోసారి ఒకే చోట నిలబడి ఒక ఫోటో తీసి పెట్టు.

నీ నోటీసు తేదీ నాకు సరిగా వినపడలేదు. ఈరోజే ఫోటో తీసి పంపు, గడువు లెక్క నేను కూడా చూస్తాను. శనివారం రాత్రి బస్సెక్కి ఆదివారం పొద్దున్నే దిగుతాను. వంద అడుగుల టేపు నా దగ్గరుంది, కొనకు. బండ్లు రోడ్డు మీదకి రాకముందే, ఏడు లోపు కొలత ముగించాలి. పిల్లల్ని ఇద్దర్ని నిద్ర లేపి ఉంచు.

ఆశీస్సులతో,
మామయ్య