మోటారు బీమా: పాఠకుల ప్రశ్నలు – ఆస్పత్రి కాగితంలో ‘జారి పడ్డాడు’ అని రాస్తే?

ప్రశ్న: మా ఆయన టైల్స్ మేస్త్రీ, వయసు 34. బైకు మీద వస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. కాలు విరిగి లోపల రాడ్ వేశారు. ఆస్పత్రిలో చేర్చిన కుర్రాళ్లు కంగారులో ఏం చెప్పారో, అక్కడి కాగితాల్లో ‘బైకు జారి పడ్డాడు’ అని ఉంది. పోలీసు కేసయింది, కారు నంబరు తెలుసు. నాలుగు నెలలు దాటింది. పరిహారం వస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రావడానికి దారి ఉంది. ముందు గడువు చూసుకోండి. 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. కాలు పూర్తిగా నయమయ్యాక, వైకల్యం సర్టిఫికెట్ వచ్చాక వేద్దామని ఆగకండి. ఆ సర్టిఫికెట్ విచారణ నడుస్తుండగానైనా ఇవ్వొచ్చు. ప్రమాదం వేరే జిల్లాలో జరిగినా మీరు ఉండే ప్రాంతపు ట్రైబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. కారుకు ప్రమాదం నాటికి బీమా ఉందో లేదో నంబరు కొట్టి ఎంపరివాహన్ యాప్‌లో చూడండి.

ఇక ‘జారి పడ్డాడు’ సంగతి. బీమా కంపెనీ లాయరు మొట్టమొదట పట్టుకునేది ఆ మాటనే. అసలు కారు తగలనే లేదు, తర్వాత ఇరికించారు అంటారు. ఆ రాతను ఆస్పత్రిలో దిద్దించే ప్రయత్నం మాత్రం చేయొద్దు. దిద్దిన కాగితం మీద అనుమానం రెట్టింపవుతుంది. దానికి ఎదురు నిలిచే కాగితాలు కూడబెట్టండి: ఎఫ్ఐఆర్, ప్రమాద స్థలం పంచనామా, రఫ్ స్కెచ్, ఛార్జిషీటు, గాయాల సర్టిఫికెట్. వీటన్నిటికంటే గట్టిది మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ నివేదిక. కారు ముందు బంపరుకు సొట్ట, బైకు వెనక మడ్‌గార్డు లోపలికి వంగిపోవడం – ఈ రెండూ అందులో నమోదై ఉంటే, జారి పడిన బైకుకు వెనక నుంచి దెబ్బ ఎలా తగిలిందో చెప్పాల్సిన భారం బీమా కంపెనీ మీద పడుతుంది. ఆస్పత్రిలో చేర్చిన కుర్రాళ్లను సాక్షులుగా పిలిపించండి. తాము ప్రమాదాన్ని చూశారా, ఆస్పత్రిలో ఎవరికి ఏం చెప్పారు అన్నది వాళ్ల నోటనే రావాలి. చూడనివాళ్ల చేత చూశామని చెప్పిస్తే మొత్తం కేసు పోతుంది.

ఎఫ్ఐఆర్ కొద్ది రోజులు ఆలస్యమైతే భయపడకండి. చికిత్స హడావుడిలో ఆలస్యం సహజమేనని, అదొక్కటే కారణంగా క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. 2022 నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రైబ్యునల్‌కు పంపాలి. పంపారో లేదో స్టేషన్‌లో అడగండి. దాన్ని నమ్ముకుని మీ పిటిషన్ మాత్రం ఆపొద్దు.

ఎంత వస్తుందన్నది వైకల్యం శాతం మీద కంటే ఆ వైకల్యం వల్ల పని ఎంత పోయిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఉదాహరణకు నెలకు 15,000 రూపాయల సంపాదన రుజువైతే ఏడాదికి 1,80,000. సొంతంగా పనిచేసుకునే, నలభై లోపు వ్యక్తికి ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 2,52,000. డాక్టరు కాలికి 40 శాతం వైకల్యం అన్నా, ట్రైబ్యునల్ సంపాదనకు తగిలే దెబ్బ 20 శాతమే అనుకుంటే ఏడాదికి 50,400. ఆ ఏడాది నష్టాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చవేస్తారు, దాన్నే గుణకం అంటారు. 34 ఏళ్లకు గుణకం 16 కాబట్టి 8,06,400. అదే 10 శాతం అనుకుంటే సగానికి పడిపోతుంది. అందుకే ‘కాలు నొప్పి’ అని చెప్పించి ఊరుకోవద్దు. టైల్స్ పనివాడు రోజంతా గొంతుకూర్చుని ఉండాలి, మోకాలు పూర్తిగా ముడుచుకోవాలి. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో, ఆ పని ఇక చేయగలడో లేదో డాక్టరు చేత సాక్ష్యంలో చెప్పించండి. మందుల బిల్లులు, పని మానేసిన నెలల ఆదాయం, నొప్పి బాధలకు పరిహారం దీనికి అదనం.

ప్రశ్న: గుద్దిన లారీ ఆగకుండా పోయింది. నంబరు దొరకలేదు. చెయ్యి విరిగింది. ఎవర్ని అడగాలి?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ప్రభుత్వ హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు ఇస్తారు. ఎముక విరిగితే తీవ్ర గాయమే. ప్రమాదం జరిగిన ప్రాంతపు ఆర్డీవో లేదా తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేయండి. ఎఫ్ఐఆర్‌లో ‘గుర్తు తెలియని వాహనం’ అని ఉండాలి. తర్వాత లారీ దొరికి పెద్ద పరిహారం వస్తే ఈ మొత్తం తిరిగి కట్టాలి.

ప్రశ్న: కుక్క అడ్డం వచ్చి నా బైకు మీంచి నేనే పడ్డాను. థర్డ్ పార్టీ పాలసీ ఉంది. ఆస్పత్రి ఖర్చు ఇస్తారా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇవ్వరు. ఆ పాలసీ మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికే. పాలసీలో ఓనర్ డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలకు ఉందేమో చూడండి. ఉన్నా అది మరణానికి, శాశ్వత అంగవైకల్యానికే. ఒక కాలో, ఒక కన్నో పోతే అందులో సగం. మానిపోయే ఎముకకు ఏమీ రాదు. వెనక కూర్చున్నవారికి కూడా కేవలం థర్డ్ పార్టీ పాలసీతో రక్షణ ఉండదు. అది తెలియక భార్యాపిల్లల్ని ఎక్కించుకుని తిరిగేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: నా కాలు విరిగిన కేసులో లోక్ అదాలత్‌లో రాజీకి బీమా కంపెనీవాళ్లు రమ్మంటున్నారు. వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వెళ్లండి, డబ్బు త్వరగా చేతికొస్తుంది. అయితే అక్కడి అవార్డు, అంటే తీర్పు మీద అప్పీలు ఉండదు. కాలులో ఇంకా ప్లేటు ఉంటే దాన్ని తీసే ఆపరేషన్‌కు ఎంతవుతుందో డాక్టరు సంతకంతో అంచనా రాయించుకుని, ఆ మొత్తం కలిశాకే సంతకం పెట్టండి. తప్పు ఎవరిదో మీరు రుజువు చేయనక్కర్లేని మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ కింద 2.5 లక్షలు తీసుకోమని కంపెనీవాళ్లు అంటే ఆలోచించండి. అది తీసుకుంటే ట్రైబ్యునల్‌లో ఉన్న మీ పిటిషన్ ముగిసిపోతుంది.