ఎంత, దేనితో, ఎంతసేపట్లో? – మత్తుపదార్థాలపై పాఠకుల ప్రశ్నలు

విశ్వవిద్యాలయ విద్యార్థులు, హాస్టల్ వార్డెన్లు, ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు రాసిన ఉత్తరాల్లో ఒకేలాంటివి కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మత్తుపదార్థాల మీద పరిశోధన చేయాలని ఉంది. ఏ డిపార్ట్‌మెంట్‌లో చేరాలి?
– డిగ్రీ చివరి ఏడాది విద్యార్థిని

జవాబు: ఆ పేరుతో బోర్డు ఉన్న డిపార్ట్‌మెంట్ చాలాచోట్ల కనబడదు. మీ బుర్రను తొలిచే ప్రశ్న ఏదో దాన్నిబట్టి వెళ్ళాలి. పదార్థం మెదడులో ఏ రిసెప్టర్‌కు (కణం మీద మందు పట్టుకునే చోటు) అతుక్కుంటుంది, అతుక్కున్నాక ఎంత బలంగా పనిచేస్తుంది అన్నది ఫార్మకాలజీ. పొట్లంలో నిజంగా ఏముందో తేల్చేది అనలిటికల్ కెమిస్ట్రీ. ఎంతమంది వాడుతున్నారు, ఎవరికి ఏమవుతోంది అన్నది ప్రజారోగ్యం. ఎందుకు వాడుతున్నారు, ఎవరికి భయపడి దాచుకుంటున్నారు అన్నది సోషియాలజీ, సోషల్ వర్క్. ఎటు వెళ్ళినా స్టాటిస్టిక్స్ తప్పదు. దాన్ని తప్పించుకుని వచ్చినవాళ్ళు తర్వాత తమ డేటాను వేరొకరి చేత చదివించుకుంటూ ఉంటారు.

ల్యాబ్ పని అయితే ఒక మాట. 1961, 1971 ఐక్యరాజ్యసమితి ఒప్పందాల జాబితాల్లో ఉన్న పదార్థాన్ని గ్రాము తెప్పించుకోవాలన్నా లైసెన్సు, తాళం వేసిన బీరువా, ప్రతి మిల్లీగ్రాముకూ రిజిస్టరు కావాలి. అనుమతికే నెలలు పట్టొచ్చు. రెండేళ్ళ కోర్సులో ఆర్నెల్లు ఎదురుచూపులకే పోతే థీసిస్ మిగలదు. గుర్తింపు పరీక్షలకైతే మిల్లీలీటరుకు 1 మి.గ్రా. చొప్పున మెథనాల్‌లో కరిగించి అమ్మే రిఫరెన్స్ ఆంపూల్ (పోల్చి చూసుకునే ప్రామాణిక నమూనా ఉన్న చిన్న గాజుసీసా) సరిపోతుంది. కొన్ని దేశాల్లో దీనికి నిబంధనలూ తేలిక. మొదటి ప్రాజెక్టును ఆ ఆంపూల్‌తో అయిపోయేలా ఆలోచించుకోండి.

ప్రశ్న: రెండు పెగ్గుల మద్యం, ఒక నిద్రమాత్ర. విడివిడిగా ఏమీ చేయనివి కలిస్తే ప్రాణం మీదికి ఎందుకు తెస్తాయి?
– ఫార్మసీ విద్యార్థి

జవాబు: రెండూ మెదడు పనిని నెమ్మదింపజేసే గాబా-ఎ అనే రిసెప్టర్ మీదే పనిచేస్తాయి, కాకపోతే దానిలో వేర్వేరు చోట్లను పట్టుకుంటాయి. అందుకే ఒకటి రెండోదాని బలాన్ని పెంచుతుంది. డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ లాంటివి ఒక్కటే మింగితే ఊపిరి ఆగిపోవడం అరుదు. మద్యమో, హెరాయిన్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడో తోడైతే ఆ ధైర్యం పనికిరాదు. ఓపియాయిడ్లు మెదడు కాండంలో శ్వాసను నడిపే కణాలనే మందగింపజేస్తాయి. గాలి కావాలని ఒళ్ళు అడగడమే మానేస్తుంది. మనిషి గిలగిలా కొట్టుకోడు, నిద్రపోతున్నట్టే ఉంటాడు. పక్కనున్నవాళ్ళు మోసపోయేది అక్కడే.

మోతాదెంతో, సమయమూ అంతే. చివరి గుక్క తాగాక కూడా అరగంట నుంచి గంటన్నర దాకా రక్తంలో మద్యం పెరుగుతూ ఉండొచ్చు. ‘బాగానే ఉన్నాడు, పడుకోనీ’ అని తలుపు దగ్గరేసి వచ్చిన గంటకు పరిస్థితి విషమించేది అందుకే. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌నే ఖర్చు చేయగలదు. 80 గ్రాములు తాగితే దిగడానికి ఎనిమిది గంటలకు పైమాటే. కాఫీ, చన్నీళ్ళ స్నానం కళ్ళు తెరిపిస్తాయేమో గానీ ఈ లెక్కను మార్చవు.

గంజాయి పీలిస్తే నిమిషాల్లో తలకెక్కుతుంది. తింటే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, పైగా కాలేయం దాన్ని 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీ అనే ఘాటైన రూపంలోకి మారుస్తుంది. ‘ఇంకా ఎక్కలేదు’ అనుకుని రెండో ముక్క నోట్లో వేసుకోవడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. ఓపియాయిడ్ అలవాటుకు చికిత్సగా ఇచ్చే మెథడోన్‌ది ఇంకో తీరు: హాయి కొన్ని గంటల్లో తగ్గిపోతుంది, మందు మాత్రం ఒంట్లోంచి వెంటనే పోదు. రోజురోజుకూ పేరుకుంటుంది. మొదటి రెండు వారాలు ప్రమాదకరమైనవి అందుకే.

అలవాటు తప్పాక పాత మోతాదుకే తిరిగి వెళ్ళడం అన్నిటికన్నా చెడ్డది. జైలు నుంచో, చికిత్సా కేంద్రం నుంచో బయటికొచ్చిన తొలి వారాల్లో ఓపియాయిడ్ మరణాలు ఎక్కువ. మెదడు మోతాదు మరిచిపోయి ఉంటుంది, చెయ్యి మరిచిపోదు.

ప్రశ్న: ఫెంటనిల్ స్ట్రిప్ మీద ఒక గీత వస్తే ఉన్నట్టా, లేనట్టా? మా స్నేహితుల్లో ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు.

జవాబు: ఫెంటనిల్ అనే చాలా బలమైన ఓపియాయిడ్ వేరే పదార్థంలో కలిసి ఉందేమో చూసే కాగితపు పట్టీ ఇది. ఒక గీత వస్తే ఉన్నట్టు, రెండు వస్తే కనబడనట్టు. గర్భనిర్ధారణ పరీక్షకు ఇది సరిగ్గా తలకిందులు, ఇద్దరూ తికమకపడేది దాంతోనే. స్ట్రిప్‌లో రంగు పూసిన యాంటీబాడీలు ఉంటాయి. పదార్థాన్ని కరిగించిన నీళ్ళలో ఫెంటనిల్ ఉంటే అవి దాన్ని పట్టుకుని, పరీక్ష గీత దగ్గర ఆగకుండా దాటిపోతాయి. అందుకే అక్కడ ఖాళీ. రెండో గీత ఎంత లేతగా ఉన్నా గీత కిందే లెక్క. అసలు ఏ గీతా రాకపోతే స్ట్రిప్ పాడైంది, పారేయండి.

స్ట్రిప్ మీది అలల గీత దాటకుండా దాన్ని ఆ నీళ్ళలో 15 సెకన్లు ముంచి, బల్లమీద పడుకోబెట్టి, రెండు నుంచి ఐదు నిమిషాల్లో చదవాలి. తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది నీళ్ళ కొలతలో. మెథాంఫెటమైన్, ఎమ్‌డీఎమ్ఏ లాంటి ఉత్తేజకాలు మరీ చిక్కగా ఉంటే ఫెంటనిల్ లేకపోయినా ఉందని చూపిస్తుంది. కాబట్టి స్ట్రిప్‌తో వచ్చిన కాగితం మీద ఏ పదార్థానికి ఎన్ని నీళ్ళని ఉందో అన్నీ పోయాలి. రెండోది మూలను గిల్లి పరీక్షించడం. ఫెంటనిల్ మార్ఫిన్ కన్నా 50 నుంచి 100 రెట్లు బలమైనది, పొడిలో సమంగా కలవదు. గిల్లిన మూలలో లేనిది మిగతాదాంట్లో గడ్డకట్టి ఉండొచ్చు. మూడోది, ఈ స్ట్రిప్ నైటజీన్లు అనే వేరే జాతి ఓపియాయిడ్లను పట్టదు, వాటికి విడిగా స్ట్రిప్‌లున్నాయి. ఇక ‘ఎంత ఉంది’ అన్న ప్రశ్నకు దీని దగ్గర జవాబే లేదు.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఫార్మాల్డిహైడ్ కలిపిన మార్క్విస్ రీఏజెంట్ గురించి కూడా అడిగారు. అది రంగు మాత్రమే చూపిస్తుంది. ముదురు ఊదా వచ్చిందంటే దాని వెనక ఇంకేం దాగి ఉందో తెలియదు. చర్మం మీద పడితే కాలుతుంది. ఇన్‌ఫ్రారెడ్ యంత్రం మిశ్రమాన్ని బాగానే విప్పి చెబుతుంది, అయితే సుమారు 5 శాతం కన్నా తక్కువ ఉన్నవి దాని కంటికి ఆనవు. చివరి మాట ల్యాబ్‌లో మిశ్రమాన్ని విడదీసి ఒక్కో పదార్థాన్నీ గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రఫీ–మాస్ స్పెక్ట్రోమెట్రీదే.

ప్రశ్న: గదిలో ఒకరు లేపినా లేవడం లేదు. ఏం తీసుకున్నారో తెలియదు. ఏం చేయాలి?
– వార్డెన్

జవాబు: భుజాలు తట్టి పేరు పెట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే ఛాతీ మీద చూపు నిలిపి శ్వాసలు లెక్కపెట్టండి. ఐదారు సెకన్లకు ఒకటి కూడా లేకపోయినా, గొంతులో గరగర వినబడినా, పెదాలో గోళ్ళో నీలంగానో బూడిదరంగులోనో కనిపించినా అది గురక కాదు, నిద్రా కాదు. నల్లని చర్మం మీద ఆ రంగు తెలియదు కాబట్టి పెదవి లోపలివైపు, చిగుళ్ళు చూడాలి. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేసి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన ఉంచండి.

ఓపియాయిడ్ అన్న అనుమానం ఏమాత్రం ఉన్నా దానికి విరుగుడైన నాలాక్సోన్ ఇవ్వండి. ముక్కులో కొట్టే రకమైతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, మొన ముక్కులోకి పూర్తిగా పెట్టి ఒక్కసారే నొక్కాలి. పనిచేస్తుందో లేదోనని ముందు గాల్లోకి నొక్కి చూశారా, ఉన్న ఒక్క మోతాదూ పోయినట్టే. రెండు మూడు నిమిషాల్లో ఫలితం లేకపోతే రెండో పరికరంతో రెండో ముక్కురంధ్రంలోకి ఇవ్వండి. ఈలోగా ఊపిరి అందుతుండాలి: గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ఐదారు సెకన్లకొకసారి నోటితో ఊదండి. శ్వాస లేక, నాడీ తెలియకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి.

ఊపిరి ఉండి స్పృహ లేకపోతే పక్కకు ఒత్తిగిలించి, పై చెయ్యి చెంప కింద, పై మోకాలు ముందుకు మడిచి పెట్టండి. వాంతయితే బయటికే పోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోదు. ఉప్పునీళ్ళు తాగించడం, చెంపలు వాయించడం, చన్నీళ్ళ కింద నిలబెట్టడం, ఇద్దరు పట్టుకుని నడిపించడం – ఇవేవీ వద్దు.

లేచి కూర్చుని ‘నాకేం కాలేదు, అంబులెన్స్ వద్దు’ అన్నా పంపేయకండి. నాలాక్సోన్ పని 30 నుంచి 90 నిమిషాలే. ఒంట్లో ఓపియాయిడ్ ఇంకా ఉంటే మళ్ళీ పడిపోతారు. మద్యానికీ నిద్రమాత్రలకీ ఇది విరుగుడు కాదు, అయినా పొరపాటున ఇచ్చినందువల్ల హాని లేదు.

ప్రశ్న: సర్వేలో ఎవరూ నిజం చెప్పరు కదా. ఎలా లెక్కించాలి?
– ఎంఎస్సీ విద్యార్థి

జవాబు: 1965లో స్టాన్లీ వార్నర్ అనే పరిశోధకుడు చూపిన దారి ఉంది. దాని సులువైన రూపం ఇలా ఉంటుంది. విద్యార్థి చాటుగా నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే ఏమైనా సరే ‘అవును’ అని రాయాలి, బొరుసు పడితే నిజం రాయాలి. కాగితం మీద ‘అవును’ చూసిన ఎవరికీ అది నాణేనిదో మనిషిదో తెలియదు. 200 మందిలో 124 ‘అవును’లు వచ్చాయనుకోండి. సుమారు 100 నాణెం పుణ్యం. మిగతా 100 మందిలో 24, అంటే 24 శాతం.

ఈ చాటుకు మూల్యం ఉంది. నేరుగా అడిగి, అందరూ నిజమే చెప్పి ఉంటే అదే 200 మందితో ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) 3 శాతం పాయింట్లు. ఇక్కడ దాదాపు 7. అదే కచ్చితత్వం కావాలంటే ఐదు రెట్లకు పైగా మందిని అడగాలి. అసలు దెబ్బ వేరేచోట తగులుతుంది: ఎన్నడూ ముట్టనివాడు బొమ్మ పడినా ‘నేనెందుకు అవునని రాయాలి’ అని మొండికేస్తాడు, దాంతో అంచనా తగ్గిపోతుంది. అందుకే ముందు ‘నిన్న టీ తాగారా’ లాంటి ప్రశ్నతో ఒకసారి ఆడించి చూపండి.

ప్రశ్నావళిలోని పదార్థాల జాబితాలో అసలు లోకంలోనే లేని పేరు ఒకటి మీరే పుట్టించి కలపండి. దాన్ని వాడామన్నవాళ్ళ కాగితాలు పక్కన పెట్టొచ్చు. ‘ఎప్పుడైనా’, ‘గత 12 నెలల్లో’, ‘గత 30 రోజుల్లో’ – మూడూ విడివిడిగా అడగండి. పట్టికలో ఐదుగురి కన్నా తక్కువమంది ఉన్న గడిని నివేదికలో అచ్చువేయకండి, ఏ విభాగం, ఏ ఏడాది అని చూసి పేరు పట్టేస్తారు.

ప్రశ్న: పరీక్షల ముందు కెఫీన్ పొడి ప్రమాదమా? కాఫీయే కదా.

జవాబు: కాఫీ కాదు, కాఫీలోని మందు. పెద్దవాళ్ళకు రోజుకు 400 మి.గ్రా. దాకా ఫరవాలేదంటారు. శుద్ధమైన పొడి ఒక టీస్పూను అంటే కొన్ని గ్రాములు, రెండు డజన్ల కప్పులకు పైమాటే. 5 నుంచి 10 గ్రాములు గుండె లయ తప్పించి ప్రాణం తీయగలవు. చెంచాతో కొలిచే వస్తువు కాదు. నిద్ర సంగతీ చూసుకోండి: సాయంత్రం ఆరింటికి తాగినదాంట్లో సగం రాత్రి పదకొండుకూ ఒంట్లోనే ఉంటుంది.

ప్రశ్న: సూదులు, స్ట్రిప్‌లు పంచితే వాడమని చెప్పినట్టు కాదా?
– అధ్యాపకుడు

జవాబు: ఆమ్‌స్టర్‌డామ్‌లో 1984లో సూదుల మార్పిడి (వాడిన సూది ఇస్తే కొత్తది ఇవ్వడం) మొదలైంది హెపటైటిస్-బి వ్యాపిస్తోందని. అడిగి పెట్టించుకున్నది వాడేవాళ్ళ సంఘమే. 1986లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పర్యవేక్షణ కింద మత్తుపదార్థం వాడే గది తెరిచారు. సూది తీసుకోవడానికి వచ్చినవాడికి రక్తపరీక్ష, మెథడోన్ చికిత్స గురించి చెప్పే అవకాశం దొరుకుతుంది. రానివాడికి చెప్పడానికి దారే లేదు. మానాలనుకునేవాళ్ళకు ఇది అడ్డం కూడా కాదు. 2001లో సొంతానికి ఉంచుకోవడాన్ని నేరాల జాబితాలోంచి తీసేసిన పోర్చుగల్‌లోనూ అమ్మకం ఇప్పటికీ నేరమే. సొంతానికి ఉంచుకోవడాన్నీ అమ్మకాన్నీ కలిపేసి వాదించుకోవడం వల్లే చర్చ సగం పాడవుతోంది.

ప్రశ్న: హాస్టల్‌లో నాలాక్సోన్ ఎక్కడ ఉంచాలి?

జవాబు: గది ఉష్ణోగ్రతలో, గడ్డకట్టకుండా, కనీసం రెండు. ప్రథమ చికిత్స పెట్టె పక్కనే, గడువు తేదీ బయటికి కనబడేలా. తాళం వేయొద్దు. తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉన్న రాత్రే అవసరం పడుతుంది.