డ్రమ్ సీడర్ పట్టడానికి జంకుతున్న అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ వానాకాలం నాట్లు మానేసి, రంధ్రాల డ్రమ్ముల్లోంచి మొలక గింజను వరుసల్లో రాల్చే డ్రమ్ సీడర్‌ను లాగి వరి విత్తాలని ఉంది గానీ ధైర్యం చాలడం లేదని రాశావు. ముందు నీ భయాలన్నీ కాగితం మీద విడివిడిగా రాసుకో. కలుపు కమ్మేస్తే? వానకు గింజ కొట్టుకుపోతే? ఊళ్లో నవ్వితే? మొదటి రెండింటికీ పొలంలో చేయగల పని ఉంది. మూడోదానికి లేదు కాబట్టి కొట్టెయ్యి.

ఉన్నదంతా ఒకేసారి మార్చకు. చౌడు లేని, నీళ్లు పెట్టడం తియ్యడం నీ చేతిలో ఉండే అరెకరం చాలు. అది పోయినా ఇల్లు గడుస్తుందనుకుంటే కంగారు లేకుండా నేర్చుకోగలవు. ఈ పద్ధతి కలిసిరాని రైతు దగ్గరికి కూడా వెళ్లు. మడి చదును ఎలా చేశారు, కలుపు మందు ఎన్నో రోజు కొట్టారు అని అడుగు. చాలాసార్లు తప్పు ఆ రెండింట్లోనే దొరుకుతుంది. మెరకలో కలుపు లేస్తుంది, పల్లంలో నీళ్లు నిలిచి గింజ కుళ్లుతుంది. మీ నాన్న వద్దంటున్నారని వాదించకు. మడిలో ఎత్తుపల్లాలు ఆయన కంటికి పట్టినట్టు నీకు పట్టవు. నీళ్లు పెట్టి మడిని బురదగా దున్నే దమ్ము రోజున ఆయన్నే గట్టు మీద నిలబెట్టి చదును చేయించు.

ఎకరాకు 12 కిలోల లెక్కన, నీకు 6 కిలోల విత్తనం. 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు తడి గోనెసంచిలో మూటగా మండె కట్టు. ముక్కు పగలగానే విత్తాలి. మొలక పొడుగైతే రంధ్రాల్లోంచి రాలదు, విరుగుతుంది. డ్రమ్ములో మూడో వంతు ఖాళీ ఉంచు. దమ్ము చేసిన మర్నాడు, బురద తేరుకున్నాక, నీళ్లు తీసేసి లాగు. పల్చటి బురదలో గింజ లోతుకు దిగిపోతుంది. రెండు మూడు రోజులు పెద్ద వాన సూచన లేని రోజు చూసుకో, నీళ్లు పోయే దారి ముందే తీసిపెట్టు.

విత్తిన 3 నుంచి 5 రోజుల లోపు సేఫ్‌నర్ (వరి మొలకను కాపాడే రసాయనం) కలిసిన ప్రెటిలాక్లోర్ కలుపు మందు, ఎకరాకు 600 మి.లీ. సేఫ్‌నర్ లేనిది కొడితే వరి మొలకే చస్తుంది, డబ్బా మీద చదివి కొను. 15, 20 రోజుల మధ్య ఇంకా కలుపుంటే నీళ్లు తీసి బిస్‌పైరిబాక్ సోడియం కలుపు మందు, ఎకరాకు 100 మి.లీ.

అసలు కష్టం ఆ తర్వాతే. పక్క మడిలో నాట్లు పచ్చగా ఉంటే నీది బోసిగా, పలచగా కనబడుతుంది. దున్నేద్దామనిపిస్తుంది. ఆ మాట నమ్మకు నాయనా. మీటరు చతురంలో పిలకలు లెక్కపెట్టి రాసుకో, వారం తర్వాత అక్కడే మళ్లీ లెక్కపెట్టు. నెల దాటేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకు.

నారు, నాటు కూలీ, మందుల ఖర్చు రెండు మళ్లకూ వేరువేరుగా రాయి. కోత వారం పది రోజులు ముందే వస్తుంది, మిషన్‌కు అప్పుడే చెప్పి ఉంచు. ఈ అరెకరం ధాన్యం, నాట్ల మడిలో అరెకరం ధాన్యం విడివిడిగా తూకం వేయించాకే వచ్చే ఏడు ఎంత పెంచాలో తేల్చుకో.

మీ పెదనాన్న