లోయకు ఒక అంకె, కొండకు ఒక అంకె

చిరంజీవి అమ్మలూ,

కొండ ప్రాంతానికి శరదృతువు చివరి నెల వాతావరణ అంచనా రాసే పని నీకు అప్పజెప్పారని తెలిసి సంతోషించాను. "ఎక్కడ మొదలుపెట్టాలి బాబాయ్?" అని అడిగావు కదా. వానా ఎండా సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు ఎత్తులు రాసుకో. లోయ అడుగు ఎంత ఎత్తులో ఉంది, ఊళ్లు ఎక్కడున్నాయి, రోడ్డు కనుమను ఎంత ఎత్తులో దాటుతుంది. మైదానానికైతే "కనిష్ఠం 4 డిగ్రీలు" అంటే సరిపోతుంది. కొండల్లో ఆ అంకె పక్కన ఎత్తు లేకపోతే అది ఎవరికీ అక్కరకు రాదు.

పైకి వెళ్లేకొద్దీ ప్రతి 100 మీటర్లకూ సగటున 0.65 డిగ్రీలు తగ్గుతుందని చదువుకున్నావు. ఈ సీజన్ రాత్రుళ్లలో ఆ లెక్కను పట్టుకుంటే దెబ్బతింటావు. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడని రాత్రి నేలలోని వేడి పైకి పోతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంబడి జారి గిన్నెలో నీళ్లలా లోయ అడుగున చేరుతుంది. తెల్లారేసరికి అడుగున మైనస్ 3 ఉంటే, 300 మీటర్ల పైన వాలు మీద ప్లస్ 4 ఉండొచ్చు. దీన్నే మనం ఇన్వర్షన్ అంటాం. ఆ చల్లగాలిలో తేమ ఉంటే పొగమంచు కమ్ముతుంది. ఈ నెలల్లో రాత్రి పొడవెక్కువ, సూర్యుడు ఆకాశంలో తక్కువ ఎత్తులోనే తిరుగుతాడు. అందుకే ఆ పొగమంచు మధ్యాహ్నానికి కూడా విడవకపోవచ్చు. పైన అధిక పీడనం తిష్ఠ వేస్తే వరసగా కొన్ని రోజులు అలాగే ఉంటుంది. కింద వాళ్లు పదకొండింటికి కూడా హెడ్‌లైట్లు వేసుకుని బండి నడుపుతుంటే, పైన వాళ్లు ఎండలో స్వెట్టర్ విప్పేసి కూర్చుంటారు. "ఎండగా ఉంటుంది" అని నువ్వు రాసినది ఒకరికి నిజం, ఇంకొకరికి నవ్వులాట. రెండూ రాయి. పొగమంచు పైఅంచు ఏ ఎత్తులో ఉంటుందో కూడా రాయి.

ఇక మోడల్ సంగతి, అంటే కంప్యూటర్‌లో వాతావరణాన్ని లెక్కగట్టే ప్రోగ్రామ్. ప్రపంచమంతటికీ నడిచే మోడళ్లలో మంచివాటికి కూడా గ్రిడ్, అంటే నేలను విడగొట్టే ఒక్కో గడి వెడల్పు, 9 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. రెండు కిలోమీటర్ల వెడల్పున్న లోయ దాని కంటికి ఆనదు. చుట్టుపక్కల కొండల్నీ లోయనీ కలిపి సగటు తీసి, అసలు లోయ కంటే కొన్ని వందల మీటర్ల ఎత్తులో ఒక ఉత్తుత్తి నేల పరుస్తుంది. ఆ తేడా సరిచేయడానికి కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎత్తును బట్టి డిగ్రీలు కలుపుతాయి. ఇన్వర్షన్ ఉన్న రాత్రి ఆ సవరణే తిరగబడుతుంది. తగ్గించాల్సిన చోట పెంచి, లోయను ఉన్నదానికంటే వెచ్చగా చూపిస్తుంది. కాబట్టి అంకెను కాపీ చేసే ముందు మోడల్‌లో ఆ చోటి నేల ఎత్తెంతో చూడు. లోయలో ఒకటి, వాలు మీద ఒకటి స్టేషన్లుంటే ఆ రెండింటి ఉదయపు రీడింగులు పక్కపక్కన పెట్టుకో. పది మ్యాపులు తిరగేసినా తెలియనిది ఆ రెండు అంకెలు చెబుతాయి.

మంచు ఏ ఎత్తు వరకు పడుతుందన్నది అందరూ అడిగే ప్రశ్న. సున్నా డిగ్రీల ఎత్తు కనుక్కుని, అక్కడి నుంచి 200, 300 మీటర్లు కిందకు గీత గీయడం మామూలు పద్ధతి. కానీ ఇరుకు లోయల్లో ఒక చిక్కుంది. గాలి లేకుండా జోరుగా కురుస్తుంటే, కరిగే మంచు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేస్తుంది. లోయలో ఉండే గాలే కొంచెం, అది త్వరగా చల్లబడుతుంది. థర్మామీటర్ 3 నుంచి 2కి, ఒకటిన్నరకు, అరకు దిగుతూ వస్తుంది. చినుకులు బరువుగా, తెల్లగా మారతాయి. కాసేపటికి నువ్వు గీసిన గీతకు చాలా కింద ఉన్న లోయ అడుగున కూడా మంచు పరుచుకుంటుంది. వాన జోరు, గాలి బలం చూడకుండా ఆ గీత ఒక్కటే రాయకు.

కొండలు దాటి దిగే వెచ్చని పొడిగాలి గురించి పెద్దగా చెప్పను. దిగేటప్పుడు 100 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుందని నీకు తెలిసిందే. ఒక్కోసారి అది లోయలోని చల్లగాలి మీదుగానే సాగిపోతుంది, అడుగుకు చేరదు. అది ఆగిపోయాక వెనకాలే ఏం వస్తోందో మాత్రం తప్పకుండా చూడు.

రోడ్ల మీద జారుడు హెచ్చరికకు సున్నా డిగ్రీల కోసం ఎదురుచూడకు. మనం కొలిచే గాలి నేలకు ఒకటిన్నర, రెండు మీటర్ల పైది. తేటరాత్రి నేల దానికంటే చాలా చల్లగా ఉంటుంది. రీడింగు 3 ఉన్నా వంతెనల మీద, ఎండ తగలని మలుపుల్లో మంచు పేరుకోవచ్చు.

చివరగా నెల మొత్తానికి ఇచ్చే అంచనా. "సాధారణం కంటే వెచ్చగా ఉండే అవకాశం 45 శాతం" అని వస్తే, దాన్ని "ఈ నెల వెచ్చగా ఉంటుంది" అని మార్చేయకు. వెచ్చగా, సాధారణంగా, చల్లగా అనే మూడు వర్గాలకూ సమానంగా పంచితే తలా 33. అంటే ఇది కాస్త మొగ్గు, అంతే. వెచ్చగా ఉండకపోయే అవకాశం మిగతా 55 శాతం ఉంది. పైగా వెచ్చని నెలలో కూడా ఒక్క రాత్రి కురిసిన మంచుకు కనుమదారి మూతపడొచ్చు, ఆ రాత్రి ఎప్పుడో నెల అంచనా చెప్పలేదు. దాన్ని ఐదారు రోజుల ముందు బులెటిన్‌కు వదిలెయ్యి, ఆ మాట పాఠకులకు కూడా సూటిగా చెప్పు.

డ్రాఫ్టు అయ్యాక పంపు. పక్కనే స్టేషన్ల ఎత్తుల పట్టిక కూడా పెట్టు, అది లేకుండా నేను చదవను.

ఆశీస్సులతో,
బాబాయ్