సుజాతకి, గీజర్ బిగించేముందు

విజయనగరం,
ఆదివారం రాత్రి.

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకి మీ మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ ఇల్లు టైల్స్ దాకా వచ్చిందని చెప్పింది. అల్లుడుగారు డ్యూటీల మీద ఊళ్ళు తిరుగుతుంటే, ఇద్దరు గుంటల్ని చూసుకుంటూ, బడికి వెళ్ళొస్తూ, మేస్త్రీలతో వేగుతూ శ్రీకాకుళంలో ఇల్లు నిలబెట్టావు. పొద్దున గంటస్తంభం దగ్గర టీ కొట్టులో కనబడిన ప్రతివాడికీ చెప్పాను, మా మేనకోడలు ఇల్లు కడుతోందని.

ఆ ఫోన్‌లోనే అక్క ఇంకో మాట అంది. బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టిస్తున్నావని, పైపు కోసం గోడకి హోలు కూడా కొట్టించావని. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఫోన్‌లో చెప్తే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఆ గీజర్ బాత్రూంలో వద్దు. పెద్ద బాత్రూం అయినా వద్దు. ఎందుకో చెప్తాను. ఇది ఇంతవరకూ మనవాళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది గుర్తుందా, నువ్వప్పుడు డిగ్రీ చదువుతున్నావు. మా వీధిలో స్తంభాలు వరసగా ఒరిగిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. బాత్రూం వెంటిలేటరు అద్దాలన్నీ రాలిపోయాయి. ఇక కరెంటు గీజర్ని నమ్ముకోకూడదని గ్యాసుది కొన్నాను. బిగించడానికొచ్చిన కుర్రాడు ఎక్కడ పెట్టమంటారని అడిగితే షవర్ పక్కనే చూపించాను. ముప్పై ఏళ్ళు జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసినవాణ్ణి, పైపుల గురించి, మంట గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. చలిగాలి కొడుతోందని మీ అత్త అంటే, అద్దాలు వేయించకుండా ప్లైవుడ్ ముక్క ఒకటి కోసి, వెంటిలేటరుకి మేకులు కొట్టి, చుట్టూ సందుల్లో పుట్టీ కూరాను. ఎక్కడైనా గాలి దూరుతోందేమోనని అరచెయ్యి పెట్టి చూసుకున్నాను. చుక్క గాలి రాలేదు. పని బాగా కుదిరిందని సంబరపడ్డాను తల్లీ.

ధనుర్మాసం వచ్చింది. మీ అత్త తెల్లవారకుండా తలస్నానం చేసేది. స్నానం చేసి వస్తే చాలు తలనొప్పి, కడుపులో వికారం. వీధి అరుగు మీద కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది. మంచు ఒంటికి పడలేదని తలకి బామ్ రాసుకునేది. బయట కూర్చుంటే ఎందుకు తగ్గుతోందో నేనొక్కనాడూ ఆలోచించలేదు.

ఒకరోజు వరండాలో పేపరు చదువుకుంటున్నాను. లోపల నీళ్ళ చప్పుడు ఒకే తీరుగా పడుతోంది. మనిషి స్నానం చేస్తుంటే ఆ చప్పుడు మారుతూ ఉంటుంది, చెంబు తగులుతుంది, బకెట్టు జరుగుతుంది. ఇది మారడం లేదు. పిలిచాను. పలకలేదు. లోపల గడియ. మూడోసారి భుజంతో గుద్దితే గడియ మరమేకులతో సహా ఊడొచ్చింది. ఆవిరిలో మీ అత్త గోడకి చేరబడి ఉంది, కళ్ళు సగం మూతపడి. గీజర్ చిన్న కిటికీలోంచి చూస్తే, నీలంగా ఉండాల్సిన మంట పసుపుపచ్చగా, పొడుగ్గా ఊగుతోంది. ఆమెని వాకిట్లోకి లాక్కొచ్చి పడుకోబెట్టి, వెనక్కొచ్చి గ్యాసు కట్టేశాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కు పెట్టారు. గీజర్ ఎక్కడుందని డాక్టరు అడిగాడు, చెప్పాను. వెంటిలేటరు ఉందా అన్నాడు, అదీ చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మీ అందరికీ బీపీ పడిపోయిందని చెప్పాను. అది అబద్ధం. మీ అమ్మకి నేనే చెప్పుకుంటాను, నువ్వు చెప్పకు.

డాక్టరు చెప్పింది ఇది. గ్యాసు మండాలంటే గాలి కావాలి. గీజర్ వెలిగిందంటే నాలుగైదు స్టవ్ బర్నర్లు ఒక్కసారి వెలిగించినట్టే. మూసిన గదిలో ఆ గాలి ఎంతసేపు సరిపోతుంది? చాలనప్పుడు మంట సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరు లీకైతే మనకి తెలియాలని కంపెనీవాళ్ళు వాసన కలుపుతారు, దీనికి కలిపేవాళ్ళెవరు? రక్తంలోకి వెళ్ళి ఆక్సిజన్ కూర్చోవలసిన చోట ఇది కూర్చుంటుంది, దానికంటే 200 రెట్లకి పైగా గట్టిగా. తేడా తెలిసేసరికి లేచి గడియ తీసే ఓపిక ఉండదు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తున్నానని అంటావేమో. అది కరెంటు ఉన్నంతసేపే. తలుపు బిగించిన గదిలో ఫ్యాన్ గాలిని బయటికి లాగేస్తే మంటకి ఇంకా కరువు.

నీ ఇంటి ప్లాను అక్క వాట్సాప్‌లో పంపింది, కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. వంటగది వెనక గిన్నెలు తోముకునే జాగా ఉంది చూడు, పెరటి వైపు పూర్తిగా తెరిచి ఉన్నది. బాత్రూం గోడ దానికి ఆనుకునే ఉంది. గీజర్ అక్కడ, సన్‌షేడ్ కింద, మంట కంటికి కనిపించే ఎత్తులో పెట్టించు. దాని పైన గానీ పక్కన గానీ బాత్రూం వెంటిలేటరు, పడకగది కిటికీ ఉండకూడదు, వదిలిన పొగ మళ్ళీ లోపలికే వస్తుంది. పైపు కొంచెం పొడుగవుతుంది, మొదటి రెండు చెంబులు చల్లగా వస్తాయి. రానీ. వేడినీళ్ళకి సీపీవీసీ పైపే, అంటే వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పైపే వేయించు. వంటగదిలో వద్దు, మెట్ల కింద గదిలో అసలే వద్దు.

రేపు జల్లు కొడుతోందనో, దొంగల భయమనో ఆ జాగాకి అద్దాల తలుపులు బిగించావనుకో, అది కూడా మా బాత్రూమే అయిపోతుంది. దోమలకైతే మెష్ కొట్టించుకో.

సిలిండరు నిలబెట్టే ఉంచు. గూట్లో పెట్టి మూసెయ్యకు, తూము దగ్గర పెట్టకు, గ్యాసు గాలికంటే బరువు, పల్లంలో నిలిచిపోతుంది. రబ్బరు ట్యూబు ఐఎస్ఐ మార్కుది తీసుకో, ఐదేళ్ళకోసారి మార్చు. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, పిల్లలతో బయటికొచ్చి గ్యాసు లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చెయ్యి. చలికాలం ముందు ఒకసారి సర్వీసు చేయించు. మంట పసుపుపచ్చగా మారితే ఆ రోజు నుంచే వాడకం ఆపెయ్యి. కార్బన్ మోనాక్సైడ్ అలారం అని బ్యాటరీతో పనిచేసేది దొరుకుతుంది, అదొకటి కొను. గ్యాసు లీకుకి మోగే అలారం వేరు, అది దీనికి పనికిరాదు.

ఇంకొకటి. బాత్రూం తలుపుకి లోపలి నుంచి మాత్రమే తీసే గడియ పెట్టించకు. బయటి నుంచి రూపాయి బిళ్ళతో తిప్పినా తెరుచుకునే లాకులు వస్తున్నాయి. గీజర్ బయట పెట్టాక లాకుతో పనేమిటని అడుగుతావు. నాకోసం పెట్టించు తల్లీ. నీళ్ళ చప్పుడు ఒకే తీరుగా వినబడితే నేను ఇప్పటికీ వెళ్ళి తలుపు కొడతాను. మీ అత్త విసుక్కోకుండా "ఉన్నాను, ఉన్నాను" అంటుంది.

శనివారం పొద్దున రైలుకి ఆమదాలవలసలో దిగి ఆటోలో వస్తాను. టేపు, డ్రిల్లు నేనే తెస్తున్నాను. పిల్లలకి మీ అత్త భీమాళి తాండ్ర కట్టి ఉంచింది. నువ్వు కొట్టించిన హోలు ఆ వెనక జాగా వైపే పడింది కాబట్టి పూడ్పించకు, వేడినీళ్ళ పైపు అందులోంచే తెచ్చుకుందాం.

మీ మావయ్య