గుండె వాల్వ్ మార్చాక ఆకుకూరలు మానేయాలా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. అమ్మకు 54 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం విశాఖలో మెటల్ వాల్వ్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా రోజూ అసిట్రోమ్ మాత్ర వేసుకుంటోంది. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, రక్తం గడ్డకడుతుందంటే రెండు నెలలుగా తోటకూర, మునగాకు మాన్పించేశాం. కరెక్టేనా? మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ మాత్రలు ఇస్తున్నారు. ఈమధ్య పళ్లు తోముకుంటే రక్తం వస్తోంది, వేడి చేసిందని మజ్జిగ ఇస్తున్నాం.

జవాబు: ఆకుకూరల సంగతి తర్వాత. చిగుళ్ల నుంచి వచ్చే ఆ రక్తాన్ని వేడి అనుకుని కూర్చోకండి, ఆలస్యం చేయకుండా రేపే పీటీ-ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష, అంకె పెరిగితే రక్తం మరింత పలచబడినట్టు) చేయించండి. చివరిసారి ఎప్పుడు చేయించారో రాయనే లేదు, అంటే చాలాకాలమే అయి ఉంటుంది! మెటల్ వాల్వ్ వేసింది గుండెలోని మైట్రల్ స్థానంలో అయితే మామూలుగా ఐఎన్‌ఆర్‌ను 2.5 నుంచి 3.5, అయోర్టిక్ స్థానంలో అయితే 2 నుంచి 3 మధ్య ఉంచుతాం, మీ సర్జన్ వేరేగా రాసి ఉంటే అదే ఫైనల్.

రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన 2, 7, 9, 10 ఫ్యాక్టర్లనే ప్రోటీన్లను లివర్ తయారుచేస్తుంది గానీ, విటమిన్ కె అందితేనే అవి కాల్షియంను పట్టుకుని పనిలోకి దిగుతాయి. ఒకసారి వాడుకున్న విటమిన్ కె మళ్లీ పనికొచ్చే రూపంలోకి మారకుండా అసిట్రోమ్ అడ్డుపడుతుంది. అమ్మగారు అప్పట్లో తింటున్న తిండి మీదే కదా డోసు కుదిర్చింది, ఇప్పుడు ఆకుకూర పూర్తిగా మాన్పిస్తే అదే మాత్ర ఎక్కువ పనిచేసి రక్తం మరీ పలచబడొచ్చు. మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. మళ్లీ మొదలుపెట్టేది మాత్రం రిపోర్టు చూసిన డాక్టర్‌కు చెప్పాకే.

నాకు టెన్షన్ పెట్టింది మోకాళ్ల మాత్రలు. వాల్వ్ ఉందని, అసిట్రోమ్ వాడుతున్నారని ఆర్‌ఎంపీకి అసలు చెప్పారా? పేరు రాయలేదు గానీ ఓపీలో ఇలాంటివాళ్ల సంచి విప్పితే డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో ఉంటుంది, లేదంటే కాగితపు పొట్లంలో ఓ తెల్లమాత్ర, ఓ పసుపుమాత్ర, ఏమిటో ఇచ్చినాయనకే తెలియాలి. ఈ నొప్పి మాత్రలు కడుపులో పుండు చేస్తాయి, ప్లేట్‌లెట్లను పనిచేయనివ్వవు, పైగా కిడ్నీలనూ దెబ్బతీస్తాయి, మీది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం, అక్కడి పరిస్థితి మీకు నేను చెప్పాలా? ఈరోజే ఆపేయండి, ఐఎన్‌ఆర్‌తో పాటు క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), హిమోగ్లోబిన్ కూడా చేయించండి. విరేచనాలకని షాపులో కొనే మెట్రోనిడజోల్ కూడా ఐఎన్‌ఆర్‌ను బాగా పెంచుతుంది, అదీ అడక్కుండా వేయొద్దు.

మలం తారులా నల్లగా వచ్చినా, గట్టి తలనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, తలకు దెబ్బ తగిలినా రిపోర్టు కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఇది చదివి భయపడి అసిట్రోమ్ మీరే ఆపేయడం, విటమిన్ కె మాత్ర మీరే కొని వేయడం మాత్రం చేయకండి, వాల్వ్ మీద గడ్డ కడితే అది ఇంకా పెద్ద ప్రమాదం. అమ్మగారిని చూడకుండా డోసు ఎంతో నేను ఇక్కడ చెప్పలేను, పాత కాగితాలు, ఆ పొట్లం రెండూ పట్టుకుని కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.