నయాగరాకు రెండు రాత్రులు ఉంచుకో

తెనాలి

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో మీ అమ్మ, "అక్కా, జూన్‌లో నయాగరాకట. శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికల్లా ఇంటికొచ్చేస్తామట" అని మురిసిపోతూ చెప్పింది. నాకు మాత్రం గుండె గుభేలుమంది. ఫోన్లో చెబితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే" అనేసి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు. అల్లుడికీ చదివి వినిపించు.

మేం రెండుసార్లు వెళ్లాం. 2016లో మొదటిసారి మీ కిరణ్ అన్నయ్య నీలాగే రెండు రోజుల ప్లాన్ వేశాడు. కిటికీలోంచి జలపాతం కనిపిస్తుందంటే మంచి బేరం అని హోటల్ గది తీసుకున్నాడు. ఏడెనిమిది గంటలు కార్లో కూర్చుని నడుం పట్టేశాక, దగ్గరికొచ్చాక తెలిసింది, ఆ హోటల్ ఉన్నది నది అవతల, కెనడాలో అని. నయాగరా ఫాల్స్ అనే పేరుతో ఊళ్లు రెండున్నాయమ్మా. ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలో, ఇంకోటి ఎదురుగా ఒంటారియోలో. మా పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా ఉందిగానీ కెనడా వీసా లేదు. కట్టిన డబ్బు పోయింది. బఫెలోలో ఇంకో గది దొరికేసరికి రాత్రి పదకొండు. మర్నాడు మధ్యాహ్నానికల్లా తిరుగు ప్రయాణం. పడవ ఎక్కాం, ఫొటోలు దిగాం, వచ్చేశాం. ఏం చూశావని ఎవరైనా అడిగితే క్యూ చూశానని చెప్పేదాన్ని.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఏ ఒడ్డు అన్నది. కెనడా ఒడ్డు నుంచి మూడు జలపాతాలూ ఎదురుగా, సినిమా తెర మీద చూసినట్టు కనిపిస్తాయి. అమెరికా ఒడ్డున నువ్వు వాటి పక్కనే, పై అంచున నిలబడతావు. కెనడా నుంచే బాగుంటుందని అందరూ అంటారు, అబద్ధం కాదు. కానీ మీ అమ్మానాన్నలకు పదేళ్ల అమెరికా వీసా ఉన్నంత మాత్రాన కెనడా వాళ్లు రానివ్వరు. మన పాస్‌పోర్టుకు విడిగా విజిటర్ వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకైతే అది అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు చూపిస్తే చాలు. మీకు ఇంకా రాలేదు కదా.

అల్లుడి వీసా స్టాంపు గడువు అయిపోయిందని మీ అమ్మ అంది. ముప్పై రోజుల్లోపు కెనడా వెళ్లి తిరిగొచ్చేవాళ్లను, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు మిగిలుంటే, పాత స్టాంపుతోనే రానిచ్చే నిబంధన ఒకటుంది. ఉన్నా సరే, ఆఫీసు లాయర్ని అడగకుండా వంతెన ఎక్కొద్దు. అలాగే, కెనడా వెళ్లొస్తే మీ అమ్మానాన్నలకు మళ్లీ కొత్తగా ఆరు నెలలు ఇస్తారని ఎవరైనా చెబితే నమ్మకు. అలా వెళ్లొచ్చిన వాళ్లకు మామూలుగా పాత తేదీయే ఉంటుంది.

నా మాట వింటే ఈసారికి అమెరికా ఒడ్డు చాలు. ఆ ఒక్క ఒడ్డే తృప్తిగా చూడండి. కారు నడిపేటప్పుడు మ్యాప్‌లో ఉత్త ఊరిపేరు కొట్టకుండా నయాగరా ఫాల్స్ స్టేట్ పార్క్ అని కొట్టు. కెనడాకు దాటించే రెయిన్‌బో బ్రిడ్జి అక్కడికి బాగా దగ్గర. పొరపాటున ఆ వరసలోకి దూరితే వెనక్కి తిప్పుకోవడం తేలిక కాదు. ఒడ్డున నిలబడ్డప్పుడు ఫోన్లు అవతలి కెనడా టవర్‌ని పట్టుకుంటాయి, రోమింగ్ ఆపెయ్.

రెండో మాట, రెండు రాత్రులు ఉండాలి. న్యూజెర్సీలో మీ ఎడిసన్ నుంచి మ్యాప్ ఏడు గంటలని చూపిస్తే నువ్వు తొమ్మిది వేసుకో. మీ నాన్నకు షుగర్, మోకాళ్లు. రెండు గంటలకోసారి కారు ఆపి నడిపించాలి. వెళ్లే రోజు వెళ్లడానికే, వచ్చే రోజు రావడానికే. చూడ్డానికి మధ్యలో ఒక పూర్తి రోజు కావాలి. శని, ఆదివారాలు కాకుండా మంగళ, బుధవారాలకు సెలవు పెట్టుకోగలిగితే సగం తిప్పలు తప్పినట్టే. కారొద్దనుకుంటే న్యూయార్క్ నుంచి నయాగరా ఫాల్స్ దాకా నేరుగా రైలుంది. దానికీ పగలంతా పడుతుందిగానీ, హడ్సన్ నది పక్కనే చాలా దూరం వెళ్తుంది. మీ నాన్న కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. పులిహోర, పెరుగన్నం వెళ్లే రోజుకి కట్టుకో, ఊళ్లో మన తిండి దొరుకుతుంది. అమెరికా వైపు ఇండియన్ హోటళ్లు చాలా ఉన్నాయి. నయాగరాలో పప్పన్నం తిన్నానంటే ఇక్కడ ఎవరూ నమ్మలేదు.

పార్కులోకి టికెట్ లేదు, కారు పార్కింగుకే డబ్బు. 1885లో పెట్టిన పార్కట, అమెరికాలో స్టేట్ పార్కులన్నిటిలోకీ పాతది. ఉదయమే వెళ్లండి. ఎండ వెనక నుంచి పడి ఎదుట తుంపర ఉంటేనే ఇంద్రధనుస్సు. అమెరికా ఒడ్డు నుంచి పడమటికి చూస్తాం కాబట్టి అది పొద్దుటి పూటే దొరుకుతుంది. పడవ కూడా మొదటి ట్రిప్పుల్లోనే ఎక్కేయాలి. లిఫ్ట్‌లో కిందికి దింపుతారు, నీలం రంగు ప్లాస్టిక్ కోటు ఇస్తారు. అవతలి కెనడా పడవలో అందరూ ఎర్ర కోట్లలో ఉంటారు. నది మధ్యలో రెండు పడవలూ ఎదురుపడితే నీలాలు, ఎరుపులు చేతులూపుకోవడమే సరిహద్దంతా! 2016లో పడవ డీజిల్ మోతతో వెళ్లింది. 2022లో వెళ్లేసరికి బ్యాటరీ పడవలొచ్చాయి. ఇంజన్ చప్పుడు లేదు, గుర్రపు నాడా ఆకారపు పెద్ద జలపాతం ముందు ఆగితే వినిపించేది నీళ్ల హోరొక్కటే. ఆ తేడా మాటల్లో చెప్పలేను.

కేవ్ ఆఫ్ ది విండ్స్ అని ఇంకోటుంది. చెక్క మెట్ల మీదుగా జలపాతం కాళ్ల దగ్గరికే వెళ్లడం. చెప్పులు కూడా వాళ్లే ఇస్తారు. ఆ చెక్క మెట్లన్నీ ఏటా చలికాలం ముందు విప్పేసి, వసంతంలో మళ్లీ కడతారట. మీరిద్దరూ, మీ అమ్మా వెళ్లండి. పై మెట్ల దాకా మీ నాన్నను లాగొద్దు, ఆయన మొహమాటానికి సరేనంటాడు, రాత్రికి మూలుగుతాడు. ఆ పూట ఆయన్ని గోట్ ఐలాండ్ మీద టెర్రపిన్ పాయింట్ దగ్గర కూర్చోబెట్టండి. అక్కడ నీళ్లు అంచు దాటే చోటు పక్కనే రైలింగు. ఆకుపచ్చగా, గాజులా ఉన్న నీళ్లు ఒక్క క్షణంలో తెల్లగా విరిగిపోతాయి. నేను రెండోసారి అక్కడ గంటన్నర కూర్చున్నా. ఇంటికొచ్చాక గుర్తున్నది ఆ గంటన్నరే. త్రీ సిస్టర్స్ ఐలాండ్స్ కూడా ఆ దగ్గరే, జనం తక్కువ. నీళ్లు అందేంత దగ్గర్లో ఉన్నాయని కాళ్లు పెట్టబోతారు, ఎవర్నీ పెట్టనివ్వకు. ఆ వడి మామూలుది కాదు.

జూన్ అయినా తలొక స్వెట్టరు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు, మేజోళ్లు సంచిలో ఉండాలి. కోటు పైనే తడవనివ్వదు, మోకాళ్ల కింద తడిసి ముద్దవుతాం. చీర మాత్రం వద్దని మీ అమ్మకు నువ్వే చెప్పు, నేను చెబితే వినదు.

అన్నట్టు 1901లో ఒకావిడ పీపాలో కూర్చుని ఆ పెద్ద జలపాతం మీంచి కిందికి దూకి బతికి బయటపడింది. యానీ ఎడ్సన్ టేలర్ అని, మన లాగే బడి పంతులమ్మ. ఆ రోజుకి ఆవిడకు 63 ఏళ్లు నిండాయి. నేను రిటైరయ్యాక కుట్టు మిషన్ నేర్చుకున్నందుకే ఇంట్లో అంత ఆశ్చర్యపోయారు!

రాత్రి రంగు దీపాలు వేస్తారు, అవి అయ్యేదాకా ఉండి రండి. ఇక్కడ మీ పెదనాన్న మాటొకటి రాయాలి. ముప్పై ఏళ్లు కాలవ గట్ల మీద తిరిగిన మనిషి కదా, జలపాతం చూస్తూ కూడా ఆయనడిగింది, "దీనికి గేట్లెక్కడ?" అని. నిజంగానే ఉన్నాయి. నదిలో వచ్చే నీరు సగటున రెండు లక్షల క్యూసెక్కులు. అందులో సగానికి సగం ఎగువనే సొరంగాల్లోకి మళ్లించి రెండు దేశాలూ కరెంటు తీసుకుంటాయి. చూడ్డానికి వచ్చే జనం కోసం ఎండాకాలం పగలు లక్ష క్యూసెక్కులకు తగ్గకుండా వదలాలనీ, రాత్రిపూట, చలికాలం యాభై వేలు చాలనీ 1950లో ఒప్పందం రాసుకున్నారు. మన సాగర్ గేట్లెత్తిన రోజు జనం బస్సులు కట్టుకుని వెళ్తారే, అక్కడ ఆ పండగ ఎండాకాలమంతా గడియారం ప్రకారం నడుస్తుంది. 1969లోనైతే అమెరికా వైపు జలపాతానికి అడ్డుకట్ట కట్టి కొన్ని నెలలు పూర్తిగా ఎండబెట్టి, రాళ్లు పరీక్ష చేశారు. ఈ సంగతులన్నీ తెలిశాక ఆయనకు జలపాతం మీద మోజు తగ్గుతుందనుకున్నా, రెట్టింపైంది.

జూన్‌లో పగటి లెక్క రాత్రి పదింటి దాకా. ఆ తర్వాత నీళ్లు తగ్గిస్తారు. మేమున్న రాత్రి నాకు చలేస్తోందని ఎనిమిదిన్నరకే ఆయన్ని లాక్కొచ్చేశాను, ఇప్పటికీ దెప్పుతుంటారు. మీరు రెండో రాత్రి పదిన్నర దాకా ప్రాస్పెక్ట్ పాయింట్ రైలింగు దగ్గరే నిలబడి, నీళ్లు తగ్గడం కంటికి తెలుస్తుందో లేదో, హోరు మారుతుందో లేదో చూసి రాయాలట. వీడియో వద్దన్నారు, నీ మాటల్లోనే రాయమన్నారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ